సోడా వర్గం, పౌడరు వర్గం

చాంద్ బీ మైసూరు బోండాలు వేయడం మొదలుపెట్టిన మొదటి వారం, కారంపూడి బస్టాండులోని కుక్కలు కూడా ఆమె బండి వైపు రాలేదు. వచ్చిన ఒక్క కుక్కా విసిరిన బోండాను మూడుసార్లు వాసన చూసి, ఆమె ముఖంలోకి జాలిగా చూసి వెళ్ళిపోయింది. ఇది ఇరవై రెండేళ్ళ కిందటి మాట.

ఆమె భర్త పీర్ సాహెబ్ బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఒప్పిచర్ల పొలాల్లో ఒక మోటారును పైకి లాగుతుంటే గొలుసు తెగి, ఇనుప పైపు వచ్చి భుజం మీద పడింది. ఎముకైతే అతికింది గానీ ఆ చెయ్యి తల ఎత్తుకు లేవడం మానేసింది. చేయి లేవని మెకానిక్కును పిలిచే రైతు ఎవరుంటారు? గురజాలలో పుట్టి, పద్దెనిమిదేళ్ళకు కారంపూడి కోడలై వచ్చిన చాంద్ బీ అప్పటిదాకా వీధిలో నిలబడి అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరగదు. ఒక బండి, ఒక బాణలి అద్దెకు తెచ్చుకుని బస్టాండులో నిలబడింది.

మైదాలో సోడా ఎంత వేయాలని అడిగితే ఒకరు చిటికెడన్నారు. ఒకరు చెంచాడన్నారు. మూడో ఆవిడ "అది చేతి మహిమమ్మా, చెప్తే వచ్చేది గాదు" అని తన చేతిని తానే మురిపెంగా చూసుకుంది. చాంద్ బీ ఏడు రోజులు ఏడు రకాలుగా వేసింది. ఒకరోజు రాయి, ఒకరోజు జిడ్డు, ఒకరోజు నాలుక మీద బట్టల సబ్బు అరగదీసినట్టు చేదు. ఎనిమిదో రోజు మిగిలిపోయిన పెరుగు బాగా పులిసింది. పారబోయడానికి మనసొప్పక దాంతోనే పిండి కలిపింది. ఆ రోజు నూనెలో వేసిన బోండా గుండ్రంగా ఉబ్బి, గరిటె తగలకుండానే తనంతట తాను తిరగబడింది. చాంద్ బీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ వాయి మాడింది. రెండో వాయి నుంచి మాడలేదు.

అప్పటి నుంచి ఆమె పొద్దున్నే చేసే మొదటి పని పెరుగును నాలుక మీద వేసుకోవడం. పులుపుంటేనే సోడా పొంగుతుంది. పులుపు చాలకపోతే మిగిలిన సోడా ఊరికే ఉండదు. బోండాను ఎర్రబరుస్తుంది, నూనె తాగిస్తుంది, నోట్లో జివ్వుమంటుంది. చలికాలం పెరుగు పులవదు కాబట్టి సోడా తగ్గాలి. ఎండలు ముదిరితే కొంచెం పెరగాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు మరి. మాచర్ల బస్సు కోసం చూసేవాళ్ళు బోండాలు తిన్నారు, చట్నీ మళ్ళీ వేయించుకున్నారు, బస్సెక్కారు.

ఇలా సాగుతున్న బతుకులోకి కేకు వచ్చింది.

దాన్ని తెచ్చింది కొండమ్మ. ఊళ్ళో పదెకరాల మిరప తోట ఉన్న ఇంటావిడ, పొదుపు సంఘాల లీడరు. ఒకరోజు బండి దగ్గరికి వచ్చి, బోండా చేతిలోకి తీసుకోకుండానే చెయ్యి చాపింది.

"వదినా, నీ ఆధార్ కార్డియ్యి. ఇరవై తొమ్మిది పేర్లయినయ్యి. ముప్పై లేకపోతే ట్రైనింగు క్యాన్సిలంట."

"దేంట్లో ట్రైనింగు?"

"ఏందో, బేకరీ. కేకులు."

"కేకులు నాకెందుకు కొండమ్మా? ఇక్కడ బోండా వదిలిపెట్టి కేకు తినేదెవరు?"

"తినడానికి గాదులే వదినా. పది రోజులు మద్దేన్నం భోజనం పెడతారు. ఆఖర్న సర్టిఫికెట్టిస్తారు. నువ్వు ఊరికే వచ్చి కూచో."

అలా ముప్పయ్యో పేరుగా చాంద్ బీ బేకరీ విద్యలో చేరింది.

శిక్షణ ఇచ్చేది నవోన్నతి స్కిల్ అకాడమీ. వాళ్ళు కేకు కంటే ముందు ఫ్లెక్సీ తెచ్చారు. దాని మధ్యలో మండలంలో అందరూ 'అన్న' అని పిలిచే పార్టీ నాయకుడు నాగేశ్వరరావు నిలువెత్తు నవ్వుతో ఉన్నాడు. ఆయన చుట్టూ, కుడిభుజం సుబ్బారావుతో మొదలుపెట్టి, అనుచరులు పళ్ళెమంత ముఖాలతో ఉన్నారు. కింది అంచున పోస్టల్ స్టాంపుల సైజులో ఆడవాళ్ళు. కేకు కూడా ఉందని కొండమ్మ చెప్పాక వెతికితే, సుబ్బారావు చెవి వెనక సగం కనపడింది.

ట్రైనరు పేరు తేజ. పాతికేళ్ళ కుర్రాడు, విజయవాడ నుంచి వచ్చాడు, పల్నాడు ఎండలో కోటు వేసుకుని తిరిగాడు. పది రోజుల పాఠాల్లో తొమ్మిది రోజులు ఆత్మవిశ్వాసం గురించి, ఒక రోజు ఓవెన్ గురించి. "మీలో ఒక సింహం ఉంది" అని ఆయన తెర మీద సింహం బొమ్మ చూపిస్తే, సంఘం ఆడవాళ్ళు ఆ సింహం కింద కూర్చుని పప్పన్నం తిన్నారు. చాంద్ బీ మాత్రం మూలనున్న ఓవెన్ చుట్టూ తిరిగింది. కింద నిప్పు లేదు, నూనె లేదు, మరి అంత పిండి ఎలా పొంగుతుందో ఆమెకు అర్థం కావాలి.

ఓవెన్ పాఠం రోజున తేజ సామాన్ల పెట్టె తెరిచాడు. కాగితం చూసి చదివాడు. "మైదా, పంచదార, గుడ్లు, పాలు, నూనె. బేకింగ్ పౌడర్ మూడు చెంచాలు." పెట్టెలోంచి ఒక తెల్లటి పొట్లం తీశాడు.

చాంద్ బీ దగ్గరికి వచ్చి, అడగకుండానే పొట్లంలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"సార్, ఇది నేను బోండాల్లో వేసేదే. వంటసోడా."

తేజ కాగితం చూశాడు, పొట్లం చూశాడు. పొట్లం మీద సోడా అనే ఉంది. కాగితం మీద పౌడర్ అని ఉంది. పెట్టెను సర్దినవాళ్ళు విజయవాడలో ఉన్నారు.

"రెండూ ఒకటే అమ్మా. పేరు తేడా. ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు."

"సోడా గూడా ఇంగ్లీషే గదా సార్?"

ఆడవాళ్ళు నవ్వారు. తేజ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే సార్," అంది చాంద్ బీ, "సోడానే అనుకుందాం. పెరుగేది మరి?"

"కేకులో పెరుగేంటమ్మా?"

"పెరుగో, మజ్జిగో, నిమ్మకాయో. పులుపు లేకపోతే ఇదెట్టా పొంగుద్ది? పొంగినా మిగిలిందంతా నోరు పట్టుకుంటది. మూడు చెంచాలంటే..."

"డౌట్లు చివర్లో తీసుకుందాం" అన్నాడు తేజ. ఆ రోజుల్లో అకాడమీ వాళ్ళు అతనికి నేర్పింది ఆ ఒక్క వాక్యమే. అది అతనికి ఎప్పుడూ పనికొచ్చింది.

డౌట్లు తీర్చుకునే చివరి రోజే శిక్షణ ముగింపు సభ. అదే రోజు నాగేశ్వరరావు పుట్టినరోజు. ఆడవాళ్ళకు కేకులు ఎప్పటికి వస్తాయో లెక్కేసి ఆ తేదీ పెట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. ముప్పై మందీ కలిసి తయారుచేసిన కేకును అన్న కోయాలి. తేజ మూడు చెంచాల సోడా తలగొట్టి కొలిచి వేశాడు. చాంద్ బీ కళ్ళు మూసుకుంది.

ఓవెన్లో కేకు గబగబా లేచింది. తేజ గర్వంగా చూశాడు. తర్వాత అది నడుమ కూలిపోయింది. బయటికి తీస్తే పాత బెల్లం రంగులో, మధ్యలో గుంతతో, ఉతికిన బట్టల వాసనతో ఉంది. గుంత నిండా క్రీము పోసి పైన 'హ్యాపీ బర్త్‌డే అన్న' అని రాశారు. రాత గుంతలోకి వాలి, 'అన్న' అనే మాట లోయలో పడింది.

నాగేశ్వరరావు వచ్చాడు, కత్తి పట్టాడు, కోశాడు. సుబ్బారావు ముక్క తీసి ఆయన నోట్లో పెట్టాడు. ఆయన నమిలాడు. ఆగాడు. కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. సభలో నూట యాభై మంది ఆయన గొంతు వైపు చూస్తూ ఊపిరి బిగబట్టారు. గుటక పడింది.

"బాగుంది" అన్నాడు ఆయన.

నూట యాభై మందికీ బాగుంది. సుబ్బారావు రెండో ముక్క అడిగాడు. ఒక పెద్దమనిషి హైదరాబాదులో కూడా ఇలాంటిది తినలేదన్నాడు, అది అబద్ధం కూడా కాదు. కొండమ్మ తన ముక్కను చీర చెంగులో దాచింది. చాంద్ బీ తన ముక్కను కొరికింది. ఇరవై రెండేళ్ళ కిందటి ఆ వారమంతా తిరిగి నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

ఇంతలో అసలు విశేషం జరిగింది. నాగేశ్వరరావు పొద్దున్నించి అభిమానుల మాట కాదనలేక నాలుగు ఊళ్ళలో నాలుగు బిర్యానీలు తిని ఉన్నాడు. కడుపు బిగిసిపోయి, మాట్లాడలేక మాట్లాడుతున్నాడు. మైకు అందుకుని "మహిళామణులారా" అన్నాడో లేదో, లోపల్నుంచి ఒక పెద్ద త్రేన్పు వచ్చింది. స్పీకర్లు దాన్ని బస్టాండు దాకా మోశాయి. దాని వెనక ఇంకోటి. ఆయన ముఖం మీద అంత ప్రశాంతత అనుచరులు ఎన్నికల ఫలితాల రోజున కూడా చూడలేదు.

"ఈ కేకులో ఏదో ఉందమ్మా" అన్నాడు ఛాతీ రుద్దుకుంటూ. "పానం తేలికైపోయింది. ఇట్టాంటిది ప్రతి ఊళ్ళో చేయాల."

సభ చప్పట్లతో మోగిపోయింది. ఆ రోజు నుంచి దానికి 'అన్న కేకు' అని పేరు పడింది.

అకాడమీ వాళ్ళు ఫోటోలు తీసుకుని, ఓవెన్‌ను సంఘానికి వదిలేసి వెళ్ళిపోయారు. పుట్టినరోజులకూ, ఓణీల ఫంక్షన్లకూ అన్న కేకు కావాలంటూ అడగడం మొదలైంది. ముప్పై మందిలో ఓవెన్ ముట్టుకోగలిగింది చాంద్ బీ ఒక్కతే. కొండమ్మ ఆ యంత్రాన్ని ఆటోలో వేయించి చాంద్ బీ ఇంటికే పంపింది.

"నేను ఆ సబ్బు కేకు చెయ్యను" అంది చాంద్ బీ భర్తతో.

"అడిగినోళ్ళకు అదే కావాలంటన్నారు గదా."

"రేపు పిల్లలు తింటారు. ఎవరి పుట్టినరోజో అయిన పాపానికి వాళ్ళు చేదు తినాలా?"

పీర్ సాహెబ్‌కు ఆమె సంగతి తెలుసు. నరసరావుపేట బస్సెక్కించాడు.

పేటలో బేకరీ సామాన్ల కొట్టు గులాం మొహిద్దీన్‌ది. ముప్పై ఏళ్ళు బేకరీలో పనిచేసి, మోకాళ్ళు నొప్పి పుట్టాక కొట్టు పెట్టుకున్న మనిషి. చాంద్ బీ అతని ముందు సోడా పొట్లం పెట్టి, "భాయ్, నేను బోండాల్లో వేసే ఇదీ బేకింగ్ పౌడరూ ఒకటేనా?" అంది.

"ఎవరు చెప్పారు ఆపా?"

"కోటేసుకున్నాయన."

మొహిద్దీన్ నవ్వి, రెండు గాజు గ్లాసుల్లో వేడినీళ్ళు పోశాడు. ఒకదాంట్లో చెంచా పౌడరు వేశాడు. అది బుసబుసమని నురగతో అంచు దాకా లేచింది. రెండోదాంట్లో సోడా వేశాడు. నాలుగు బుడగలొచ్చి ఊరుకున్నాయి. దాంట్లోనే నిమ్మచెక్క పిండాడు. గ్లాసు పొంగి బల్ల మీద పడింది.

"మీ బోండాలో సోడా మీరే వేస్తారు, పులుపు మీరే వేస్తారు. అవునా? ఈ డబ్బాలో ఉన్నదీ సోడానే. కాకపోతే దానికి కావాల్సిన పులుపును పొడిచేసి పక్కనే పెట్టారు. డబ్బాలోనే రెండూ కలబడకుండా మధ్యలో మొక్కజొన్న పిండి అడ్డం వేశారు. తడి తగిల్తే కొంచెం పొంగుద్ది, ఓవెన్లో వేడి తగిల్తే ఇంకోసారి పొంగుద్ది. అందుకే పాలూ గుడ్లూ వేసే కేకులో పులుపు లేకపోయినా దీంతో లేస్తుంది."

"అయితే దీంట్లో సోడా పలచన."

"అదీ మాట! ఒక చెంచా పౌడరు చేసే పనికి పావు చెంచా సోడా చాలు, పులుపు తోడుంటే. సోడా కలిపిన పిండి ఆగదు, వెంటనే ఓవెన్లో పెట్టాల. పౌడరుకు కాస్త ఓపికెక్కువ."

"మా సారు మూడు చెంచాల సోడా వేశాడు భాయ్. పెరుగు లేకుండా."

మొహిద్దీన్ నుదురు కొట్టుకున్నాడు. "తిన్నవాళ్ళు బతికే ఉన్నారా?"

"బతికుండటమేంది, మళ్ళీ కావాలంటన్నారు."

అతను ఇంకో పాత డబ్బా తీసి, అందులో చెంచా వేడినీళ్ళలో వేసి చూపించాడు. ఏమీ జరగలేదు. "ఇది తేదీ దాటింది. లోపలికి చెమ్మ పోయింది. కొన్నాక నెలకోసారి ఇట్లా నీళ్ళలో వేసి చూసుకోండి. డబ్బా బయట ఎంత మెరిసినా నమ్మొద్దు" అన్నాడు. చాంద్ బీ కొత్త డబ్బా ఒడిలో పెట్టుకుని బస్సెక్కింది. సత్తెనపల్లి వెళ్ళే అమ్మాయి పక్కన కూర్చుంటే ఆ అమ్మాయికి కూడా అడ్డం వేసిన మొక్కజొన్న పిండి సంగతి చెప్పబోయి, ఎక్కిన బస్సు తప్పని తెలిసి దిగి, కారంపూడి బస్సు పట్టుకుంది. అంత సంతోషంగా ఉందామెకు.

వారం తర్వాత సుబ్బారావు కూతురి పుట్టినరోజుకు ఆమె చేసిన కేకు లేత బంగారు రంగులో, దూదిలా లేచింది. పిల్లలు పళ్ళేలు నాకారు. మర్నాడు పొద్దున్నే సుబ్బారావు బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఏంది పిన్నీ ఇది? రాత్రి కేకు అన్న కేకులాగా లేదే."

"బాగుండలేదా నాయనా?"

"బాగుంది. అదే అనుమానం."

"బాగుంటే అనుమానమేంది?"

"అన్న మెచ్చుకున్నదాన్ని నువ్వెందుకు మార్చావు? మార్చమని నీకెవరు చెప్పారు? లక్ష్మీనారాయణ మనుషులు గాని వచ్చారా?"

లక్ష్మీనారాయణ అంటే అవతలి వర్గం నాయకుడు. ఆయనకు ఈ కేకుల సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. సుబ్బారావు అనుమానం సాయంత్రానికి ఆయన చెవిన పడింది. రెండో రోజు ఆయన మనిషి వచ్చి, "అమ్మా, అన్న కేకు కానిది ఏదో చేస్తన్నావంట గదా. మాకు అది కావాల" అన్నాడు.

అలా పల్నాటి గడ్డ మీద ఇంకో రెండు వర్గాలు పుట్టాయి. నాగేశ్వరరావు వాళ్ళది సోడా కేకు, లక్ష్మీనారాయణ వాళ్ళది పౌడరు కేకు. టీ కొట్టు దగ్గర సోడా వర్గం వాళ్ళు, సోడా మన తాతల నాటిదనీ, పౌడరు పరాయిదనీ వాదించారు. పౌడరు వర్గం వాళ్ళు, పౌడరంటేనే అభివృద్ధి అన్నారు. తేడా ఏమిటో ఇటు తెలియదు, అటు తెలియదు. ఏ పెళ్ళిలో ఏ రంగు కేకు కోశారో చూసి ఆ ఇంటి ఓట్లు లెక్కగట్టేవాళ్ళు బయలుదేరారు. ఒక అన్నదమ్ముల ఇంట్లో ఒకే పుట్టినరోజుకు రెండు కేకులు కోసి, మధ్యలో దుప్పటి కట్టారట.

"పిన్నీ, ఇంతకీ నువ్వే వర్గం?" అని టీ కొట్టు దగ్గర ఒకడు గట్టిగా అడిగాడు. రెండు వైపులా చెవులు నిక్కాయి.

"నాది పెరుగు వర్గం నాయనా" అంది చాంద్ బీ. "పొద్దున లేస్తే దాని పులుపు చూసుకోవడానికే సరిపోతంది."

పైకి అలా అన్నా లోపల భయం వేసింది. ఇక్కడ మాట ముదిరితే బండి తిరగబడడానికి ఎంతోసేపు పట్టదు. అలాగని సబ్బు కేకు చేయడానికి చెయ్యి రాదు. రెండు రోజులు ఆలోచించింది. సోడా వర్గానికి సోడా కేకే కావాలి, ఎర్రగానే ఉండాలి. సరే, సోడానే వేద్దాం. కాకపోతే సోడాకు ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. పుల్లటి పెరుగు చిలికి, పంచదార బదులు బెల్లం వేసి, సోడా అర చెంచా మించకుండా కలిపి, కలిపిన వెంటనే ఓవెన్లోకి తోసింది. కేకు ఎర్రగా, మెత్తగా వచ్చింది. చేదు లేదు. బెల్లం వాసన వీధి దాకా పోయింది.

సుబ్బారావు రంగు చూశాడు, "సోడాయేనా?" అని అడిగాడు, "సోడాయే" అంది ఆమె. తిన్నాడు, తృప్తిపడ్డాడు. రంగే అతని నాలుక.

అయితే నాగేశ్వరరావు తృప్తిపడలేదు. కబురుపెట్టి పిలిపించాడు. ఇంటి వసారాలో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, పొట్ట నిమురుకుంటూ, "కేకు రుచిగానే ఉంది చాంద్ బీ. కానీ ముందు దానంత పనిచేయడం లేదు" అన్నాడు.

"ఏం పని చెయ్యాలయ్యా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "త్రేన్పులు."

చాంద్ బీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యా, ఆ రోజు కేకులో పులుపు పడలేదు. మిగిలిపోయిన సోడాయే మీ కడుపులోకి పోయింది. త్రేన్పులు కావాలంటే గోలీసోడా తాగండి. దానికి కేకెందుకు? నాలుగు బిర్యానీలు రెండు చేసుకుంటే అదీ అక్కర్లేదు."

వసారాలో నిలబడ్డవాళ్ళు బిగుసుకుపోయారు. నాగేశ్వరరావు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయనతో ఇన్నేళ్ళలో ఎవరూ అలా మాట్లాడలేదు.

"ఆ రోజు కేకు మరి ఎట్టా ఉంది? నిజం చెప్పు."

"సబ్బులాగా ఉందయ్యా."

"నాకూ అట్టానే అనిపించింది" అన్నాడాయన నెమ్మదిగా. "అందరూ బాగుందంటంటే నా నాలికే పాడైందనుకున్నా."

ఆ మాట వసారా దాటి బయటికి పోలేదు. దాన్ని విన్నవాళ్ళెవరికీ పోనివ్వాలనిపించలేదు.

ఈ నడుమ ఒక మధ్యాహ్నం చాంద్ బీకి ఫోనొచ్చింది. అవతల తేజ. దుర్గిలో శిక్షణ ఇస్తున్నాడట. రాళ్ళు చెక్కే ఇళ్ళ ఆడవాళ్ళట, చేతికి అందింది ఏదైనా తిప్పి చూసి ప్రశ్నలేస్తున్నారట.

"చాంద్ బీ గారూ, ఈసారీ పెట్టెలో సోడానే వచ్చింది. పౌడర్ బదులు సోడా ఎంత వెయ్యాలి? వీళ్ళు వదలడం లేదు."

"డౌట్లు చివర్లో గదా సార్?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక కోటు లేని ఒక కుర్రవాడు ఉన్నట్టు ఆమెకు తోచింది. జాలి పుట్టింది.

"రాసుకో బాబూ. పౌడరు చెంచా అని ఉంటే సోడా పావు చెంచా. పాలు పోసే చోట పుల్లటి పెరుగు పొయ్యి. పెరుగు దొరక్కపోతే పాలల్లో నిమ్మకాయ పిండు. కలిపి ముచ్చట్లు చెప్పుకుంటా కూర్చోమాక, వెంటనే ఓవెన్లో పెట్టు. ముందు నాలిక మీద వేసుకుని చూడు."

ఆ నెలలో అకాడమీ వాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో దుర్గి కేకు ఫోటో వచ్చింది. 'మా నిపుణుల పరిశోధన' అని కింద రాశారు. కొండమ్మ ఫోన్లో చూపిస్తే చాంద్ బీ రంగు చూసి, "పెరుగు పడింది" అని మాత్రం అంది.

తర్వాత వచ్చిన వేసవిలో రాజకీయం తిరగబడింది. పైన ఎక్కడో ఎవరో ఎవరితోనో చేతులు కలిపారు. లక్ష్మీనారాయణ ఒక సాయంత్రం నాగేశ్వరరావు పార్టీలో చేరుతున్నట్టు తేలింది. తెల్లారేసరికి రెండు వర్గాలూ టీ కొట్టు దగ్గర ఎదురుబొదురుగా కూర్చుని, ఎవరి వైపు చూడాలో తెలియక గ్లాసుల్లోకి చూసుకున్నాయి. చేరిక సభలో కేకు కోయాలి. ఏ కేకు? సోడా అంటే వచ్చేవాళ్ళకు కోపం, పౌడరంటే ఉన్నవాళ్ళకు కోపం. సుబ్బారావూ, అవతలి మనిషీ కలిసి చాంద్ బీ ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చోవడం అదే మొదటిసారి. మంచం కిర్రుమంది.

"పిన్నీ, ఇద్దరికీ సరిపడేది ఏదన్నా ఉందా?" అన్నాడు సుబ్బారావు.

"ఎందుకు లేదు? రెండూ వేస్తా."

"రెండూ వేస్తే కొట్టుకోవా?"

"మీ మాదిరి గాదు నాయనా అయ్యి" అంది చాంద్ బీ. "మజ్జిగ పోసి చేసే కేకుంది. మజ్జిగలో పులుపును సోడా విరుస్తుంది, మెత్తదనం ఇస్తుంది. అంత పెద్ద కేకును పైకి లేపడానికి అది చాలదు. మిగతా పని పౌడరు చేస్తుంది. దేని పని దానిది."

ఆ ఇద్దరూ తలలూపారు. వాళ్ళకు ఎక్కింది 'రెండూ ఉంటాయి' అన్న ముక్క ఒక్కటే.

చాంద్ బీ ఆ కేకు మీద పెట్టినంత శ్రద్ధ తన కొడుకు పెళ్ళి మీద కూడా పెట్టలేదని పీర్ సాహెబ్ దెప్పాడు. మజ్జిగ పులుపు మూడుసార్లు చూసింది. పౌడరును వేడినీళ్ళలో పరీక్షించింది. నాలుగు పళ్ళేల కేకు కాల్చి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. కోస్తే లోపల తేనెపట్టులా సన్నటి గదులు. తన చేత్తో ఇంత మంచిది ఇంతకు ముందు రాలేదని ఆమెకు తెలుసు. సభకు ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి, స్టేజీ పక్కన నిలబడింది.

నాయకులిద్దరూ ఒకే కత్తి పట్టుకున్నారు. ఎవరి చెయ్యి పైన ఉండాలన్న దాని మీద కాసేపు మర్యాదగా పెనుగులాడారు. కత్తి దిగింది. చప్పట్లు. చాంద్ బీ వాళ్ళ నోళ్ళ వైపు చూస్తోంది. నాగేశ్వరరావు ముక్క తీశాడు. తీసి లక్ష్మీనారాయణ చెంపకు పూశాడు. లక్ష్మీనారాయణ ఇంకా పెద్ద ముక్క తీసి నాగేశ్వరరావు ముక్కుకూ మీసాలకూ కలిపి పూశాడు. అంతే, ఇటు వర్గం అటు వర్గం మీదికి ఉరికింది. ఏళ్ళ నాటి కక్షలన్నీ క్రీముతో తీర్చుకున్నారు. సుబ్బారావు జుట్టులో అరకిలో కేకు ఉంది. ఫోటోలవాళ్ళు ఎగబడ్డారు. ఐదు నిమిషాల్లో బల్ల ఖాళీ. ఒక్క పలుకైనా ఎవరి గొంతు దిగలేదు.

"తినేదాన్ని మూతులకు పూసుకుంటారేంది!" అంది చాంద్ బీ. మైకులో పాటలు మోగుతున్నాయి, ఎవరికీ వినపడలేదు.

జనం పలచబడ్డాక ఆమె ఖాళీ పళ్ళేలు తీసుకోవడానికి స్టేజీ ఎక్కింది. మైకు సెట్టు అంతోని వైర్లు చుట్టుకుంటూ, పళ్ళెం అంచున అంటుకుని మిగిలిన ఒక ముక్కను చూశాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, దాన్ని తీసుకుని, స్పీకరు డబ్బా మీద కూర్చుని తిన్నాడు. తొందరేమీ లేనట్టు నమిలాడు. చాంద్ బీ పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడింది.

"నువ్వు చేసిందేనా పెద్దమ్మా?"

"నేను చేసిందే. ఎట్టా ఉంది?"

అంతోని వేళ్ళు నాకాడు. కాస్త ఆలోచించాడు.

"చానా మెత్తగా ఉంది. ఆ లోపల పులుపు తగిలీ తగలనట్టు బలే ఉంది. కానీ తీపి ఎక్కువైంది."

ఊళ్ళో కేకు మొదలైన దగ్గర్నించి, రుచి చూసి ఆ రుచిలోనే తప్పు పట్టిన మొదటి మనిషి అతను. చాంద్ బీ పళ్ళేలు కింద పెట్టి, చీర సర్దుకుని అతని ఎదురుగా స్టేజీ మెట్టు మీద కూర్చుంది.

"ఎంత ఎక్కువైంది? సరిగ్గా చెప్పు" అంది.